మొసలి ఒడ్డెక్కితే సినిమా మునుగుతుంది

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచెత్తినప్పుడు పెరుంగళత్తూరు పరిసరాల్లో ఒక మొసలి రోడ్డు దాటుతున్న వీడియో ఊరంతా తిరిగింది. తాంబరం వైపు ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, కరెంటు ఎప్పుడొస్తుంది, పాలు ఎక్కడ దొరుకుతున్నాయి అన్న కబుర్ల నడుమ ఆ వీడియో పదేపదే ప్రత్యక్షమైంది. ఆ మొసలి ఎవరి మీదా పడలేదు, ఎవరినీ తరమలేదు, తన దారిన తాను రోడ్డు దాటింది. చెన్నై శివార్ల చెరువుల్లో మగ్గర్ జాతి మొసళ్ళు కొన్ని ఎప్పటినుంచో ఉన్నాయనీ, అవి మనుషులకు దూరంగా మసలే బిడియపు జీవులనీ, భయపడవలసిన పని లేదనీ తమిళనాడు అధికారులు వెంటనే చెప్పారు. అయినా ఆ రాత్రి మోకాలిలోతు నీళ్ళలో బండి తోసుకుంటూ ఇంటికి చేరినవాళ్ళకు ఆ మాట పెద్దగా ధైర్యం ఇచ్చి ఉండదు. వాళ్ళు భయపడింది మొసలిని చూసి కాదు. ఉదయం రోడ్డుగా ఉన్నది సాయంత్రానికి దాని ఇలాకాగా మారిపోయినందుకు భయపడ్డారు.

మొసలి భయానక చిత్రాల గుట్టంతా ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం. ఈ చిత్రాలు పైకి ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి: నిశ్చలంగా ఉన్న నీళ్ళు, హెచ్చరిక పట్టించుకోని విహారయాత్రికులు, ఒక కేక, ఎర్రబడిన అల. గడిచిన యాభై ఏళ్ళలో అమెరికా, ఇటలీ, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ దేశాల నుంచి ఇలాంటివి పదుల సంఖ్యలో వచ్చాయి. వాటిలో నిజంగా ఒళ్ళు జలదరింపజేసేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవి ఎందుకు తేలిపోయాయి అని అడిగితే, మొసలి బొమ్మ బాగా లేదనో, గ్రాఫిక్స్ నాసిరకమనో చాలామంది చెబుతారు. అది సగం నిజం మాత్రమే. నాసిరకం బొమ్మతో భయపెట్టిన చిత్రాలూ ఉన్నాయి, కోట్లు పోసిన గ్రాఫిక్స్‌తో నవ్వించిన చిత్రాలూ ఉన్నాయి. నీళ్ళలో ఏనుగునైనా పట్టే మొసలి బయటికొస్తే కుక్క చేతిలో భంగపడుతుందనీ, అది స్థానబలిమే కాని తన బలిమి కాదనీ వేమన చెప్పిన పద్యం మనలో చాలామందికి చిన్నప్పుడే నోటికి వచ్చి ఉంటుంది. ఆ స్థానబలిమిని గౌరవించిన దర్శకుడు గెలిచాడు. మొసలికి లేని సొంత బలిమిని అంటగట్టినవాడు ఓడిపోయాడు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ జంతువు పని తీరు చూడాలి. మొసలి వేటాడే జంతువు అనడంకంటే పొంచి ఉండే జంతువు అనడం సబబు. కళ్ళు, ముక్కురంధ్రాలు, చెవులు మూడూ తల పైభాగంలో ఒకే వరుసలో ఉండటం వల్ల, ఒళ్ళంతా నీళ్ళలో దాచుకుని కేవలం ఆ కాస్త భాగాన్ని పైకి ఉంచి గాలి పీల్చుకోగలదు, చూడగలదు, వినగలదు. గొంతు దగ్గర ఉండే కవాటం వంటి మడత మూసుకుపోతుంది కనుక నీటి అడుగున నోరు తెరిచినా ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వెళ్ళవు. దవడల మీద చిన్నచిన్న నల్లని చుక్కల్లా కనిపించేవి స్పర్శేంద్రియాలు. నీటి ఉపరితలం మీద ఒక బొట్టు పడి పుట్టిన అల కూడా వాటికి తెలిసిపోతుందని పరిశోధకులు 2002లో నిరూపించారు. అంటే చిమ్మచీకటిలో, బురదనీటిలో, కళ్ళతో పని లేకుండానే, ఒడ్డున ఎవరో కాలు పెట్టారన్న కబురు దానికి అందుతుంది. ఉప్పునీటి మొసలి కాటు బలాన్ని పరిశోధకుడు గ్రెగరీ ఎరిక్సన్ బృందం కొలిచినప్పుడు సుమారు 16,400 న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం) వచ్చింది. అయితే ఆ బలమంతా నోరు మూసేటప్పుడే. తెరిచే కండరాలు ఎంత బలహీనమంటే, మూసిన మూతిని టేపు చుట్టి ఆపవచ్చు. దాని పళ్ళు నమలడానికి పనికిరావు, పట్టుకోవడానికే. అందుకే పట్టుకున్నదాన్ని నీళ్ళలోకి ఈడ్చి, తాను బొంగరంలా గిరగిరా తిరిగి ముక్కలు చేస్తుంది.

దీనికి తోడు అది చల్లని నెత్తురు జంతువు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చు పెట్టవలసిన అవసరం లేదు కనుక, పెద్ద మొసలి నెలల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. దానికి తొందర లేదు. ఒక్కసారి ఎగిరి దూకడానికి కావలసిన శక్తి పుష్కలంగా ఉంటుంది, కాని ఆ తరువాత త్వరగా అలసిపోతుంది; నేల మీద మనిషిని చాలాదూరం తరమడం దాని వల్ల కాదు. సినిమావాడి దృష్టితో చూస్తే ఇది పెద్ద చిక్కు. రెండు గంటల కథలో ఎక్కువసేపు కదలకుండా ఉండి, కదిలినప్పుడు రెప్పపాటులో పని ముగించే పాత్రతో ఏం చేస్తాం? సొరచేపకైతే ఈదుకుంటూ వచ్చే రెక్క ఉంది, ఆ రెక్క వెంట సంగీతం నడుస్తుంది, వస్తోంది వస్తోంది అని ప్రేక్షకుడు బిగుసుకుంటాడు. మొసలి రాదు, అది అప్పటికే అక్కడ ఉంటుంది. కాబట్టి మొసలి చిత్రంలో భయం రావలసింది జంతువు కదలిక నుంచి కాదు, నీటి అంచు నుంచి.

ఈ చిత్రాల వరసకు దారి తెరిచింది మాత్రం సొరచేపే. 1975లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'జాస్' ఘనవిజయం తరువాత, నీళ్ళలో ఉండే ప్రతి జీవికీ హాలీవుడ్‌లో, ఇటలీలో గిరాకీ వచ్చింది. ఆ చిత్రంలోని యంత్రపు సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికీ చెడిపోవడంతో దాన్ని ఎక్కువగా చూపించలేకపోయారనీ, అదే చిత్రానికి మేలు చేసిందనీ అందరూ చెప్పుకునే సంగతే. ఆ తరువాత వచ్చిన అనుకరణలు సొరచేప కథను తీసుకున్నాయి గాని, ఆ చూపించకపోవడాన్ని తీసుకోలేదు.

వాటిలో చెప్పుకోదగ్గ మినహాయింపు 1980 నాటి 'ఎలిగేటర్'. లూయిస్ టీగ్ దర్శకుడు, జాన్ సేల్స్ రచయిత. ముద్దుగా పెంచుకున్న ఎలిగేటర్ (మొసలికి దగ్గరి బంధువు) పిల్లను మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు కొడితే, అది భూగర్భ మురుగుకాలువల్లో పెరిగి పెద్దదవుతుంది. ఒక మందుల కంపెనీ ప్రయోగాలు చేసి పారేసిన జంతు కళేబరాలు తినడం వల్ల దాని పెరుగుదల హద్దు దాటుతుంది. న్యూయార్క్ మురుగుకాలువల్లో ఎలిగేటర్లు ఉన్నాయన్న పుకారు అమెరికాలో పాతదే. 1935లో హార్లెమ్ ప్రాంతంలో ఒక మ్యాన్‌హోల్‌లోంచి కుర్రాళ్ళు ఎలిగేటర్‌ను బయటికి లాగారని పత్రికలో వార్త కూడా వచ్చింది. ఈ చిత్రం మొదటి సగంలో చాలాభాగం చీకటి కాలువల చుట్టూ సాగుతుంది, అక్కడ అది నిజంగానే భయపెడుతుంది. తరువాత ఎలిగేటర్ కాలిబాట సిమెంటును పగలగొట్టుకుని వీధిలోకి వచ్చి, చివరికి ధనవంతుల ఇంటి పెళ్ళి విందులో జొరబడుతుంది. అక్కడినుంచి అది వ్యంగ్య సినిమా. సేల్స్ అది తెలిసే రాశాడనిపిస్తుంది. భయం అయిపోయినచోట ఎగతాళి మొదలుపెట్టాడు. అదే కాలంలో వచ్చిన ఇటాలియన్, థాయ్ చిత్రాలకు ఆ తెలివి లేదు, వాటి గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అసలు పాఠం ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి ఉత్తర ప్రాంతంలో ఉప్పునీటి మొసళ్ళను తోలు కోసం వేటాడి వేటాడి, 1971లో రక్షణ చట్టం వచ్చేనాటికి సుమారు మూడు వేలకు తెచ్చారు. ఇప్పుడు వాటి సంఖ్య లక్ష దాకా ఉంటుందని అంచనా. అంటే ఒక తరం ఈత కొట్టిన నదిలో తరువాతి తరం కాలు పెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఆ మార్పును జనం మనసులో నాటిన మొసలి పేరు 'స్వీట్‌హార్ట్'. 1974 నుంచి 1979 దాకా ఫినిస్ నదిలో అది చేపల పడవల మీద, ముఖ్యంగా వాటి మోటార్ల మీద విరుచుకుపడింది. మోటారు చప్పుడును మరో మగ మొసలి సవాలుగా అనుకుందేమోనని నిపుణుల ఊహ. విచిత్రమేమిటంటే, పడవలను కొరికిన ఆ మొసలి ఒక్క మనిషికీ హాని చేయలేదు. 1979 జులైలో పట్టుకుని వేరేచోటికి తరలించబోతుండగా అది నీళ్ళలో ఊపిరాడక చనిపోయింది. 5.1 మీటర్ల పొడవు, 780 కిలోల బరువున్న ఆ దేహం ఇప్పటికీ డార్విన్ మ్యూజియంలో ఉంది.

2007లో ఒకే ఏడాది ఆ దేశం నుంచి రెండు మంచి చిత్రాలు వచ్చాయి. గ్రెగ్ మెక్లీన్ తీసిన 'రోగ్'లో నదీవిహారానికి వెళ్ళిన పర్యాటకుల పడవ మొసలి దెబ్బకు పాడై, అందరూ నది మధ్యనున్న ఒక చిన్న బురదదిబ్బ మీద చిక్కుకుంటారు. సముద్రపు పోటు వల్ల నీళ్ళు పెరుగుతున్నాయి, చీకటి పడితే దిబ్బ మునిగిపోతుంది. మొసలి ఇక్కడ ఏమీ చేయనక్కరలేదు. స్థలం తరుగుతూ ఉంటే చాలు, మనుషులు ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెడతారు. చిత్రం చివరికి వచ్చేసరికి దర్శకుడు నిగ్రహం కొంత సడలించి మొసలి గుహలోకి మనల్ని తీసుకువెళతాడు, అయినా ఆ దిబ్బ మీది గంట మరపురాదు.

రెండోది 'బ్లాక్ వాటర్'. ఆండ్రూ ట్రాకీ, డేవిడ్ నెర్లిక్ కలిసి తీశారు. 2003లో ఫినిస్ నది దగ్గర ముగ్గురు యువకుల్లో ఒకరిని మొసలి లాక్కుపోగా, మిగిలిన ఇద్దరు రాత్రంతా చెట్టు మీదే గడిపిన దుర్ఘటన దీనికి ప్రేరణ. చిత్రంలో మడచెట్ల మధ్య పడవ తిరగబడి ముగ్గురు ఒక చెట్టెక్కి కూర్చుంటారు. కింద నీళ్ళు, కొంత దూరంలో బోర్లాపడిన పడవ. కథ అంతే. పెద్ద బొమ్మ చేయించడానికి డబ్బు లేక, దర్శకులు నిజమైన మొసళ్ళను విడిగా చిత్రించి నటీనటుల దృశ్యాలతో కలిపారు. దాని ఫలితం గమనించదగింది. నిజమైన మొసలి చెప్పిన మాట వినదు, నటించదు, కేవలం నీళ్ళలో తల కాస్త ఎత్తి చూస్తుంది. అందువల్ల చిత్రంలోనూ అది అంతే చేస్తుంది. ఒక దృశ్యంలో కెమెరా చాలాసేపు ఖాళీ నీళ్ళనే చూపిస్తుంది. చూస్తున్న మనం ప్రతి ఆకునీడలో కళ్ళు వెతుక్కుంటాం. నిజానికి ఆ క్షణంలో తెర మీద ఏమీ జరగడం లేదు.

అలెగ్జాండర్ ఆజా 2019లో తీసిన 'క్రాల్' ఇదే సూత్రాన్ని తిరగేసింది. అక్కడ మనుషులు నీళ్ళలోకి వెళ్ళరు, నీళ్ళే మనుషుల దగ్గరికి వస్తాయి. ఫ్లోరిడాలో పెనుతుపాను, ఇంటి నేలకింద, మనిషి వంగి పాకితేనే పట్టే ఖాళీ జాగాలో గాయపడిన తండ్రి, ఈతగత్తె అయిన కూతురు, వరద అంగుళం అంగుళం ఎక్కుతుంటే దానితోపాటు ఎలిగేటర్లు లోపలికి వస్తాయి. మొదట పైపుల చాటున సురక్షితమైన మూల ఒకటి ఉంటుంది, తరువాత అదీ మునుగుతుంది, అప్పుడు వంటగది, ఆ తరువాత మేడ. ఫ్లోరిడాలో పది లక్షలకు పైగా ఎలిగేటర్లున్నా అవి ఇలా గుంపులు కట్టి మనుషుల మీద పడవు. శాస్త్రం ప్రకారం చూస్తే ఈ చిత్రం నిలబడదు. ఎలిగేటర్లన్నీ దాదాపు కంప్యూటర్ బొమ్మలే, చిత్రీకరణ జరిగింది సెర్బియాలో. అయినా ఇది భయపెడుతుంది, ఎందుకంటే ఏ క్షణానికి నీటి అంచు ఎక్కడుందో దర్శకుడు మనకు కచ్చితంగా చెబుతూ ఉంటాడు. వానాకాలంలో చెన్నైలోని ముడిచ్చూరు, వేళచ్చేరి వంటి చోట్ల కింది అంతస్తులో అద్దెకున్నవాళ్ళకు ఈ చిత్రం గురించి వేరే వివరణ అక్కరలేదు.

ఇక పొడవు విషయం. ఇప్పటిదాకా బతికుండగా నమ్మకంగా కొలిచిన మొసళ్ళలో పెద్దది 2011లో ఫిలిప్పీన్స్‌లో పట్టుకున్న 'లోలాంగ్': 6.17 మీటర్లు, అంటే ఇరవై అడుగుల పైచిలుకు, బరువు వెయ్యి కిలోలు దాటింది. తెర మీది మొసళ్ళకు ఇది చాలదు. ముప్పై అడుగులకు తక్కువైతే నిర్మాతలకు తృప్తి ఉండదు. కాని పెద్దది చేసిన కొద్దీ మొసలి దాగడానికి చోటు తగ్గిపోతుంది. మోకాలిలోతు నీళ్ళలో కనిపించకుండా ఉండటమే దాని విద్య అయినప్పుడు, లారీ అంత ఒళ్ళు ఇవ్వడం ఆ విద్యను లాగేసుకోవడమే. 1999 నాటి 'లేక్ ప్లాసిడ్' ఈ సంగతి ఒప్పేసుకుని హాస్యంలోకి దిగింది. అమెరికా ఈశాన్యంలోని చల్లని సరస్సులో ముప్పై అడుగుల మొసలి, దానికి ఆవులను మేపే ముసలావిడగా బెట్టీ వైట్, స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన గొప్ప యంత్రపు బొమ్మ. నలుగురితో కూర్చుని నవ్వుకుంటూ చూడవలసిన చిత్రం. దాని పేరుతో తరువాత వచ్చిన చవక భాగాల్లో మొసళ్ళు అడవిలో మనుషుల వెంటపడి పరుగెత్తుతాయి. ఆ పరుగు మొదలవగానే భయం పోతుంది.

చెన్నైలో ఉండేవాళ్ళకు ఈ తేడా కళ్ళారా చూసే వీలుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వెళ్ళే దారిలో, వడనెమ్మేలి దగ్గర 1976లో సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్ తదితరులు స్థాపించిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ఉంది. సెలవు రోజున వెళితే నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చిన కుటుంబాలు గోడకానుకుని నిలబడి ఉంటాయి. ఇసుక మీద డజన్ల కొద్దీ మగ్గర్లు, ఒకదాని మీద ఒకటి తల వాల్చి, నోళ్ళు తెరుచుకుని పడి ఉంటాయి. నోరు తెరవడం కోపం వల్ల కాదు, ఒంట్లో వేడి పోగొట్టుకోవడానికి. "అవి నిజమైనవేనా నాన్నా, బొమ్మలా?" అని పిల్లవాడు అడుగుతాడు. "కదలడం లేదు కదరా, బొమ్మలే అయ్యుంటాయి" అంటాడు తండ్రి, ఏదైనా విసిరి చూద్దామా అన్నట్టు చుట్టూ చూస్తూ. విసరవద్దని బోర్డు పక్కనే ఉంటుంది. అలా చూస్తుండగానే నీళ్ళలో నాచుకింద మరొకటి ఉందని, అది ఇంతసేపూ అక్కడే ఉందని ఎవరో వేలు చూపిస్తారు. ఇసుక మీదివాటిని చూసి ఎవరూ వెనక్కి జరగరు, నాచుకింద ఉన్నదాన్ని చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు, మధ్యలో గోడ ఉన్నా సరే.

ఆ ఆవరణలోనే వ్లదిమీర్ డైనెట్స్ అనే పరిశోధకుడు మరో వింత గమనించాడు. కొంగలు గూళ్ళు కట్టే కాలంలో మగ్గర్లు మూతి మీద పుల్లలు నిలబెట్టుకుని గూళ్ళకింద కదలకుండా పడుకుంటున్నాయనీ, పుల్ల కోసం వచ్చిన కొంగను పట్టుకుంటున్నాయనీ, అతని బృందం 2013లో ప్రచురించింది. అది నిజంగా ఎర వేయడమేనా, యాదృచ్ఛికమా అన్న వాదన తరువాత నడిచింది. ఏది నిజమైనా, నేను చూసిన ఏ మొసలి చిత్రంలోనూ ఇంత చక్కని దృశ్యం లేదు.

ఇంకో చిక్కుముడి మొసలి మంచిచెడ్డలకు సంబంధించినది. భయానక చిత్రానికి ప్రతినాయకుడు కావాలి, ప్రతినాయకుడికి పగ ఉండాలి. మొసలికి పగ లేదు, ఆకలి, హద్దుల కాపలా తప్ప. కాబట్టి రచయితలు దానికి ఏదో ఒక కారణం తగిలిస్తారు: కంపెనీ వదిలిన విషం, గుడ్లు దొంగిలించిన కుర్రాళ్ళు, యుద్ధంలో శవాలు తిని మనిషి మాంసం రుచి మరగడం. ఆఫ్రికా దేశం బురుండీలోని రుసిజి నదిలో తిరిగిన 'గుస్తావ్' అనే నైలు మొసలి వందలమందిని పొట్టనపెట్టుకుందని పుకార్లున్నాయి, నిర్ధారణ లేదు. దాని ఆధారంగా 2007లో వచ్చిన 'ప్రైమీవల్' చిత్రాన్ని, అది మొసలి అని చెప్పకుండా, ఒక వరుస హంతకుడి కథ అన్నట్టు ప్రచారం చేశారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళిన ప్రేక్షకుడి కోపం ఊహించుకోవచ్చు.

దీనికి ఎదురుదిశలో నడిచింది 1987 నాటి ఆస్ట్రేలియా చిత్రం 'డార్క్ ఏజ్'. మొసళ్ళ శాస్త్రవేత్త గ్రాహమ్ వెబ్ రాసిన నవల దీనికి ఆధారం. మనుషులను చంపిన మహా మొసలి ఆదివాసీ పెద్దలకు పవిత్రమైనది; దాన్ని చంపాలనే వేటగాళ్ళకూ, బతికుండగానే దూరంగా తరలించాలనే అటవీ ఉద్యోగికీ, పెద్దలకూ మధ్య పోటీయే కథ. పోతన గజేంద్రమోక్షం విని పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ కరి మకరిని దరికి లాగుతుంది, మకరి కరిని సరసికి లాగుతుంది. ఎవరు ఎవరిని ఏ చోటుకి లాగితే వాళ్ళదే గెలుపు. ఆ మకరి కూడా దుర్మార్గపు జంతువు కాదు, శాపం తగిలిన గంధర్వుడు, చక్రం తగలగానే దానికీ విముక్తి కలుగుతుంది.

మన దేశపు సినిమాల్లో మొసలికి ఇంతటి గౌరవం దక్కలేదు. అది మనిషి దుర్మార్గానికి పనిముట్టు మాత్రమే. రాకేశ్ రోషన్ 1988లో తీసిన హిందీ చిత్రం 'ఖూన్ భరీ మాంగ్'లో భర్త రేఖను మొసళ్ళున్న నీళ్ళలోకి తోస్తాడు. అక్కడినుంచి కథ ఆమె ప్రతీకారానిది, మొసలి పని అయిపోయింది. అయినా మొసలిని నాయకపాత్రగా పెట్టి తీయదలచినవారికి తెలుగునాట సరుకు లేకపోలేదు: మంజీర జలాశయంలో మగ్గర్లున్నాయి, మంచిర్యాల, మంథని వైపు గోదావరిలో శివారం అభయారణ్యం వాటి కోసమే ఉంది, వల వేసేవాళ్ళు ఏ మడుగులో దిగాలో ఏ మడుగులో దిగకూడదో తరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇబ్బంది క్లైమాక్స్ దగ్గర వస్తుంది. మగ్గర్, ఉప్పునీటి మొసలి, సన్నని పొడవు మూతి ఉండే ఘరియల్ మూడూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి; 1975లో మొదలైన మొసళ్ళ సంరక్షణ పథకం లేకపోతే వాటిలో కొన్ని ఈపాటికి కనుమరుగయ్యేవి. అలాంటి జీవిని కథానాయకుడు గొడ్డలితో నరికి ఈలలు వేయించుకోవడం నేటి కథగా పొసగదు. ఊరి కాలువలో మొసలి కనిపిస్తే మన దగ్గర నిజంగా జరిగేది ఇది: అటవీశాఖవాళ్ళు వస్తారు, గట్టు మీద చేరిన జనాన్ని వెనక్కి నెడతారు, ఉచ్చు వేసి లాగుతారు, కళ్ళ మీద తడి గోనె కప్పుతారు, మూతికి తాడు చుడతారు, నలుగురైదుగురు వీపు మీద కూర్చుని కాళ్ళు కడతారు, వ్యానులో ఎక్కించి దూరపు జలాశయంలో వదిలిపెడతారు. గట్టుకూ నీటికీ మధ్య ఆ తాడు బిగిసి ఉన్న పది నిమిషాల్లో మొసలి ఏ వైపుకైనా లాగవచ్చు. క్లైమాక్స్‌కు అంతకంటే ఏమీ అక్కరలేదు. తీసేవాడికి ఓపిక ఉండాలి, నిర్మాత ముప్పై అడుగుల బొమ్మ అడగకుండా ఉండాలి.